చంద్రమ్మ మెచ్చిన వేషం

ఉప్పుగూడ రైల్వేస్టేషన్‌కు ఇవతల, మా గల్లీలో ఎవరు సినిమాకు పోవాలన్నా ముందు చంద్రమ్మను అడిగేవారు. ఆమె వద్దనేది. వాళ్లు పోయేవారు. తిరిగొచ్చాక ఆమె చెప్పినట్టే ఉందని ఒప్పుకునేవారు. పై వారం మళ్లీ అడిగేవారు.

చంద్రమ్మ సర్కారు కాన్పుల ఆసుపత్రిలో ఆయా. డెబ్బై ఎనిమిదిలో నేను ఆ గల్లీలో అద్దెకు దిగేనాటికే ఆమె సర్వీసు ఇరవై ఏళ్లు దాటింది. భర్త కైలాసం రైల్వేలో గ్యాంగ్‌మన్, మితభాషి. పిల్లలు లేరు. పొద్దుటి డ్యూటీ ఉన్న వారాల్లో రెండింటికి దిగి, ఇంటికి కూడా రాకుండా అటునుంచటే మ్యాట్నీకి పోయేది. తెలుగైనా హిందీ అయినా ఒకటే. చీర కొంగులో వేయించిన పల్లీలు, మొహం మీద ముందే సిద్ధంగా ఉన్న చిరాకు.

"అంత నచ్చకపోతే ఎందుకు పోతవే?" అని కైలాసం ఒకసారి అడిగాడు.

"తిట్టాలంటే సూడాలె గదయ్యా. సూడకుండ తిడితే పాపం."

ఆమెకు అన్నిటికన్నా మంట ఆసుపత్రి సీన్లంటే. "కాన్పంట! ఒగామె లోపలికెళ్లి ఉరికొచ్చి వేణ్నీళ్లు, వేణ్నీళ్లు అంటది. ఇంటిల్లిపాది ఉరుకుడే. గన్ని వేణ్నీళ్లు ఏం జేస్తరే, చాయ్ పెడ్తరా? ఇగ పుట్టిన పోరడు! మూడు నెలలోడు, తలకు నూనె రాసి దువ్విన్రు. తల్లికేమో బొట్టు చెదరలే, కాటుక కారలే. ఇన్నేండ్లల గసొంటి బాలింతను నేనొక్కదాన్ని సూడలే."

చావులన్నా అంతే. నాలుగు గుండ్లు తగిలినవాడు పావుగంట మాట్లాడితే ఆమెకు ఒళ్లు మండేది. "మా దగ్గర ఒక్క సూది గుచ్చితెనే మొగోళ్లకు మాట పడిపోతది" అనేది. "ఇగ డాక్టరు కండ్లద్దాలు తీసిండంటే మనిషి పోయినట్టు, తీయకుంటే బతికినట్టు. గంత సదువెందుకు వానికి?"

ఆమె సిఫారసులు కూడా ఆ తీరుగానే ఉండేవి. "పో, పంకాలు మంచిగ తిరుగుతున్నయి." "ఇంటర్వల్ దాక ఉండు, మిర్చిబజ్జి తిను, ఇంటికి రా." చిన్నప్పుడు తప్పిపోయిన అన్నదమ్ముల సినిమా ఒకటి ఊరంతా విరగబడి చూస్తున్న రోజుల్లో, ఎట్లుందక్కా అని నేనే అడిగాను. "మొదటి రీలుల తప్పిపోయిన్రు. దొరక్కుంటెనే మంచిగుండు" అంది.

డెబ్బై తొమ్మిదిలో కరెంటాఫీసు గుమాస్తా బాబురావు గల్లీలో మొదటి టీవీ కొన్నాడు. వారానికోసారి సినిమా వచ్చే సాయంత్రం ఆయన ముందు గదిలో చాపలు పరిచేవారు. చంద్రమ్మ తలుపు పక్కన గోడకు ఆనుకుని కూర్చుని మొదలుపెట్టేది. హీరోయిన్ ఏడిస్తే "ముక్కు చీదదేందే? గంత ఏడిస్తే ముక్కు కారదా?" అనేది. వార్తలు చదివే ఆయన్ని కూడా వదిలేది కాదు: "గీయనకు ఎవలు సచ్చినా ఎవలు గెల్చినా ఒక్కటే మొఖం." ఒక్క రైతుల కార్యక్రమాన్ని మాత్రం కొంచెం మెచ్చుకుంది. అందులో ఓ అధికారి బర్రె పక్కన నిలబడి పాల దిగుబడి గురించి చెప్తున్నాడు. "బర్రె మంచిగ చేసింది. ఆయనకే చాతకాలే."

బాబురావు ఆ సినిమాలన్నీ తానే తీసినట్టు నొచ్చుకునేవాడు. "చంద్రమ్మా, జర సూడనియ్యి మమ్ముల. నచ్చకపోతే ఇంటికి పోరాదు?" అని ఒక శనివారం మొహం మీదే అన్నాడు. ఆమె లేచి వెళ్లిపోయింది. మరుసటి వారం ఆమె రాలేదు. సినిమా సగం కాకముందే జనం ఆవలించారు. ముసలమ్మలు కునికారు. బాబురావు భార్య సుందరమ్మ, "ఆమె ఉంటెనే మంచిగుండె" అని పైకే అనేసింది. ఆ పై వారం బాబురావే పోయి పిలుచుకొచ్చాడు. చంద్రమ్మ ఆ గెలుపును కూడా వెక్కిరించింది: "టీవీ కొన్నవు గని సినిమా కొనలేకపోతివి సారూ."

చంద్రమ్మ పక్కింట్లో రాబియా ఉండేది. మిషన్ కుట్టేది. భర్త పోయాక తమ్ముడు తాహిర్‌ను దగ్గరుంచుకుంది. అతనికి ఇరవై నాలుగేళ్లు. లాడ్ బజార్‌లో ఒక గాజుల దుకాణంలో నిప్పుల ముందు కూర్చుని లక్కను కరగబెట్టి గాజులు చుట్టేవాడు. చక్కని మొహం, చెదరని క్రాఫు. ఎనభై ఒకటిలో ఒక సినిమా కంపెనీ మేనేజరు హీరోయిన్ కోసం గాజులు కొనడానికి వచ్చి, ఇతన్ని చూసి స్టూడియోకు రమ్మన్నాడు. మూడు రోజులు తిప్పించుకుని, నాలుగో రోజు తెల్లకోటు తొడిగి కంపౌండర్ వేషం ఇచ్చారు. మాటల్లేవు. హీరో మంచం పక్కన సెలైన్ సీసా పట్టుకుని నిలబడాలి.

సినిమా విడుదలైంది. మొదటి ఆదివారం గల్లీ అంతా కలిసి మ్యాట్నీకి పోవాలని నిర్ణయం. ముందు రోజు రాబియా చంద్రమ్మ వాకిట్లోకి వచ్చింది.

"అక్కా, నీ కాల్మొక్త. రేపొక్క దినం నోరు బంద్ వెట్టుకో."

"నేనేమంటనే? నాకు తమ్ముడు కాదా వాడు?"

"నువ్వు ఖుదాను గూడ ఇడిసిపెట్టవు. ఒట్టేయి."

చంద్రమ్మ ఒట్టేసింది. మాట నిలబెట్టుకోవాలనే వచ్చింది కూడా. లేడీస్ క్లాసులో రాబియా పక్కన కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది. సినిమా ఆమె ఓపికను బాగానే పరీక్షించింది. హీరో ఒక పాటలో ఆరు చొక్కాలు మార్చాడు. విలన్ ఇంట్లో మొసలి ఉంది. ఇంటర్వల్ ముందు హీరోకు ఛాతీలో మూడు గుండ్లు తగిలాయి. ఆమె కొంగు కొరుకుతూనే ఉంది, మాట్లాడలేదు.

ఇంటర్వల్ తర్వాత ఆసుపత్రి. హీరో పడుకుని ఉన్నాడు. తల్లి పక్కన కూర్చుని, అతను పుట్టిన రాత్రి కురిసిన వాన దగ్గర్నుంచి చెప్పుకొస్తోంది. మంచానికి ఆ పక్క తెల్లకోటులో తాహిర్! మా వాళ్లంతా ఈలలు వేశారు. రాబియా బుర్ఖా ముసుగు వెనక్కి తీసి మరీ చూసింది. తాహిర్ చేతిలో సీసా ఉంది. నడుము దగ్గర, హీరో చేతికన్నా జానెడు కిందికి పట్టుకుని, అట్లాగే నిలబడ్డాడు. తల్లి మాట్లాడుతూనే ఉంది.

చంద్రమ్మ ఉన్నపళంగా లేచి నిలబడింది.

"అరే తాహిర్, సీసా పైకెత్తుర! రగతం ఎనుకకొస్తది, పేషెంట్ సస్తడు!"

వార్డులో కేకేసినట్టే కేకేసింది. హాలంతా ఒక్క క్షణం బిక్కచచ్చి, తర్వాత పగలబడి నవ్వింది. ఇక తల్లి నోరు తెరిచినప్పుడల్లా నేల క్లాసు నుంచి "సీసా ఎత్తుర!" అని అరుపులు. హీరో కళ్లు తెరిచి "అమ్మా" అన్నప్పుడు కూడా జనం నవ్వారు. రాబియా ముసుగు దించుకుని లేచి వెళ్లిపోయింది. మగవాళ్ల వైపు కూర్చున్న తాహిర్ కూడా.

మర్నాటికి ఆ మాట లాడ్ బజార్‌కు చేరింది. పక్క దుకాణాల వాళ్లు అతన్ని సీసా భాయ్ అని పిలవడం మొదలుపెట్టారు. రాబియా చంద్రమ్మతో మాట మానేసింది. గోడ మీదుగా ఇచ్చిపుచ్చుకునే ఉప్పూ చింతపండూ ఆగిపోయాయి.

"నేను ఎక్కిరించలే సారూ" అని చంద్రమ్మ బాబురావుతో మొరపెట్టుకుంది. "నిజంగనే బుగులైంది, పేషెంట్ సస్తడని. సీసా కిందికుంటే చెయ్యి ఉరికొస్తది నాకు. సినిమా అన్న సంగతే మర్చిన."

బాబురావు నవ్వి ఊరుకున్నాడు. ఎవరూ నమ్మలేదు. ఇరవై ఏళ్లుగా ప్రతి సినిమానూ చీదరించుకున్న మనిషి, అంత చెత్త సినిమాను నిజమనుకుందంటే ఎవరు నమ్ముతారు? కైలాసం ఒక్కడే నమ్మాడు, కానీ అతని మాట అడిగేవాళ్లు లేరు.

పది రోజులు చూసి చంద్రమ్మ డ్యూటీ దిగి తిన్నగా లాడ్ బజార్ పోయింది. మ్యాట్నీ మానుకుంది. తాహిర్ నిప్పుల ముందు కూర్చుని లక్క సాగదీస్తున్నాడు. తలెత్తలేదు.

"గట్ల కిందికెందుకు పట్టినవ్‌ర? చదువుకోలేదనుకుంటి, కండ్లు గూడ లేవా?" అంది. క్షమాపణ చెప్పడానికే వచ్చింది పాపం, నోరు దానికి అలవాటు పడలేదు.

"నేను పైకే పట్టిన అక్కా. హీరో మొఖం మీద నీడ పడ్తుందని డైరెక్టర్ సాబ్ కిందికి దించమన్నడు."

"నీడనా? పేషెంట్ పానం పోతాంటే నీడనా? ఎవడ్రా వాడు? వాని అమ్మను మా వార్డుకు పంపు, చెప్త."

తాహిర్‌కు నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. లక్కను నిప్పుల మీద తిప్పుతూ అన్నాడు. "సికింద్రాబాద్ పోయి ఇంకో టాకీసుల మళ్లొకసారి చూసిన. ఆడ ఎవ్వడూ నవ్వలే. పక్కసీటాయన్ని అడిగిన, గా కంపౌండర్ ఎట్ల చేసిండు భాయ్ అని. ఏ కంపౌండర్ అన్నడు."

చంద్రమ్మ దుకాణం మెట్టు మీద కూర్చుంది. చాయ్ తెప్పిస్తే తాగింది.

"మళ్ల పిలుస్తున్నరు" అన్నాడు తాహిర్. "పోనని చెప్పిన. సచ్చిపోయినోని వేషమట. కండ్లు మూసుకొని పండుడే."

"పండుడే అంటవేంది? సచ్చినోని లెక్క పండుడు ఎవనికొస్తది? గా సినిమాలల్ల శవాలు చూసినవా, చక్కిలిగింత వెట్టినట్టుంటరు. పో. నేను నేర్పిస్త."

నాలుగు సాయంత్రాలు ఆమె తన ఇంటి అరుగు మీద తాహిర్‌ను పడుకోబెట్టింది. రాబియా కిటికీలోంచి చూస్తూనే ఉంది, ఇవతలికి రాలేదు. "పాదాలు నిలబెట్టకు. బతికినోనియే నిలబడ్తయి. పక్కలకు వాలనియ్యి. నోరు గట్టిగ మూయకు, జరంత తెరువు. ఊపిరి మెల్లగ, మెల్లగ! బర్రె లెక్క పీల్చకు" అంటూ అతని చెయ్యి పైకెత్తి వదిలేది. చెయ్యి మెల్లగా దిగితే నెత్తి మీద ఒకటి వేసేది. "బరువంత నాకియ్యాలె. నీ దగ్గర ఏం ఉంచుకోకు." నాలుగో రోజు చెయ్యి దబ్బున అరుగుకు తగిలింది. కైలాసం లోపల్నుంచి చూసి "అబ్బ!" అన్నాడు. ఏడాదిలో అతని నోట అంత గట్టి మాట అదొక్కటే.

ఆ సినిమా మరుసటి ఎండాకాలం వచ్చింది. ఈసారి ఏడెనిమిది మందిమే పోయాం. బాల్కనీలో రాబియా తమ్ముడితో చంద్రమ్మకు నాలుగు కుర్చీల అవతల కూర్చుంది. సినిమా మునుపటిదానికన్నా హీనం. ఒక లాయరు, ఒక కుక్క, విడిపోయిన కవలలు. రెండో సగంలో ఫ్యాక్టరీ ప్రమాదం. తాహిర్ నేల మీద పడి ఉన్నాడు. మొహం మీద మసి. హీరో అతని చెయ్యెత్తి గుండెలకు హత్తుకుని వదిలేస్తే, ఆ చెయ్యి కట్టె పడ్డట్టు పడింది.

హాలు నిశ్శబ్దమైంది. రాబియా ఒక్కసారిగా గొల్లుమంది. "యా అల్లా, నా తమ్ముడు!" పక్కనే కూర్చున్న తాహిర్ ఆమె భుజం పట్టి కుదిపాడు. "ఆపా, నీ తమ్ముణ్ణి, ఈడ్నే ఉన్న, ఈడ్నే ఉన్న." ఆమె తిరిగి చూసి అతని చెంపలు రెండూ వాయించింది. వెనకవాళ్లు కూర్చోమని కేకలేశారు.

బయటికొచ్చాక రాబియా నేరుగా చంద్రమ్మ మీదికి పోయింది. "నువ్వే నేర్పినవు గద! బతికున్న పోరణ్ణి గట్ల పండవెడ్తరా? నీకు దిల్ లేదా?"

ఏడాది తర్వాత ఆమె మాట్లాడిన మొదటి మాట అది. చంద్రమ్మకు కోపం రాలేదు. కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఎట్లుందక్కా సినిమా?" అన్నాను నేను.

"చెత్త. కవలలు చెత్త, లాయరు చెత్త. కుక్క గూడ కెమెరానే చూస్తది. మంచిగ చేసినోడు సచ్చినోడొక్కడే."

తాహిర్ రోడ్డు మీదే సిగ్గుపడి తలొంచుకున్నాడు. రాబియా ఇంకా ఏదో అనబోయి, "నిజంగనా?" అని మాత్రం అంది.

ఆ తర్వాత తాహిర్ ఐదారు సినిమాల్లో శవం వేశాడు. వానసీనులో తడి నేల మీద పూటంతా పడుకుని జ్వరం తెచ్చుకున్నాక రాబియా మాన్పించింది. సంతోష్‌నగర్‌లో సొంతంగా గాజుల దుకాణం పెట్టాడు. చంద్రమ్మ ఎనభై ఆరులో రిటైరైంది. ఆసుపత్రివాళ్లు సభ పెట్టి పూలదండ వేశారు. ఎట్ల జరిగిందక్కా అని అడిగితే, "స్పీచులు లావైనయి, జిలేబి పచ్చిగున్నది" అంది.