సాంబ్రాణి పొగ పడని పెట్టె

నువ్వుల చేలు పూతకొచ్చిన వారంలోనే మా మావగారు పోయారు. పొద్దున్నే పెరట్లో తేనెటీగల పెట్టెలు చూసుకుని వచ్చి అరుగు మీద నడుం వాల్చారు, మళ్లీ లేవలేదు. నిండు వయసు, ఎవరిచేతా చేయించుకోకుండా వెళ్లిపోయారు. ఏడుపొచ్చింది, ఏడ్చాను. అయినా ఆయన్ని తలుచుకుంటే ముందు నవ్వే వస్తుంది, ఏం చెయ్యను?

నేను కాపురానికొచ్చిన కొత్తల్లో ఆయన ఏదో సర్కారు శిక్షణకి వెళ్లి, ఈగలున్న పెట్టె ఒకటి కావిడిలో పెట్టుకుని ఊళ్లో దిగారు. అప్పటిదాకా వంశధార ఒడ్డున మా ఊరివాళ్లకి తేనె తియ్యడమంటే ఒకటే పద్ధతి. పట్టు కనిపిస్తే దివిటీ పెట్టి ఈగల్ని కాల్చడం, పిల్లపురుగులతో సహా పిండెయ్యడం. అది మాన్పించాలన్నదే ఆయన పట్టుదల. ఇంకో కోరిక ఆయనకి ఉన్నట్టు నేనెరగను.

అరవై ఏడు ఎలక్షన్లప్పుడు నరసన్నపేట సంతలో జెండాలవాళ్లు మైకుల్లో గొంతు చించుకుంటుంటే, ఈయన ఓ పక్క పెట్టె మూత తీసి, ఈగలు ముసిరిన చట్రాన్ని ఒట్టి చేత్తో పైకెత్తి చూపించేవారు. జనం అక్కడే ఎక్కువ మూగేవారు. "ఏటి మావా, నీ గుర్తు ఈగేటి?" అని ఒకడు వేళాకోళమాడితే, "అవున్రా, దీనికి ఓటేస్తే నీ సేను కాపు కాస్తాది" అన్నారట. పూత మనది, కాపు దానిది అని ఆయన మాట. ఈగ వాలని పువ్వు రాలిపోతుందని, తేనె ఉన్న చట్రం మాత్రం తీసుకుని పిల్లలున్న చట్రం వదిలేస్తే మళ్లీ తేనె పెడతాయని, విన్నవాడికీ వినని వాడికీ చెప్పేవారు.

ఇంట్లో మాకు మాత్రం తిప్పలే. ముసురు రోజుల్లో పూలుండవు కదా, రేషన్ పంచదార నీళ్లలో కలిపి ఈగలకి పోసేవారు. మాకు బెల్లం టీ, వాటికి పంచదార పాకమా అని నేను దెబ్బలాడితే, బెల్లం వాటికి పడదమ్మా, నీకు పడతాదని నవ్వేసేవారు. ఆ నవ్వుకి ఒళ్లు మండేది.

ఒక ఏడు, వచ్చే ఆదివారం మా పెరట్లోనే తేనె తీసి చూపిస్తానని ఊరంతా చాటించారు. ఒక్కసారి కళ్లారా చూస్తే దివిటీ ముట్టుకోరని ఆయన నమ్మకం. అంతలో శుక్రవారం వచ్చింది. మా అత్తకి తేనె ఇచ్చే పెట్టె లక్ష్మీదేవితో సమానం. పెట్టెకి పసుపు పూసి, బొట్లు పెట్టి, ఈగలు వచ్చిపోయే కంత ముందే సాంబ్రాణి కుంపటి పెట్టి చేతులు జోడించింది. ఇంకేముంది! ఊపిరాడక ఈగలన్నీ ఒక్కసారిగా లేచిపోయి ఎదురింటి చూరుకి వేలాడాయి.

ఎదురింటాయన కోడలు అప్పుడే పురిటి మంచం మీద ఉంది. ఇంటికి తేనెపట్టు పడితే కీడని మా వైపు గట్టి నమ్మకం. పాపం, ఆ భయంలో ఆయన దివిటీ ముట్టించుకుని వచ్చేశాడు, తనది తాటాకు ఇల్లన్న సంగతి కూడా మరిచిపోయి.

మావగారు వెళ్లి దివిటీకీ చూరుకీ మధ్య నిలబడ్డారు. "ఒరే అల్లుడా, అవి కీడు తేలేదురా. మా ఇంటి పొగకి తాళలేక నీ ఇంటికొచ్చాయి. పొద్దుగూకే దాకా ఓపిక పట్టు. అప్పటికీ దిగకపోతే నానే కాలుస్తాను."

ఆదివారం చూద్దామనుకున్న ఊరంతా ఆ రోజే అక్కడ ఉంది. ఈగలు దిగకపోతే ఇన్నేళ్లుగా ఆయన చెప్పిందంతా ఆయన చేతులతోనే తగలబడిపోతుంది.

నిచ్చెన వేసుకుని ఎక్కారు. చూరుకి వేలాడుతున్న ఈగల గుత్తికి పైన ఓ బుట్ట బోర్లించి పట్టుకుని, కింది ఈగల్ని కోడి ఈకతో మెల్లగా నిమురుతూ కూర్చున్నారు. చాలాసేపు ఏమీ జరగలేదు. చేతి మీద రెండు మూడు కుట్టినా కదల్లేదు. చివరికి రాణీగ బుట్టలోకి పాకింది కాబోలు, మిగతావన్నీ బారులు తీరి దాని వెనకే ఎక్కేశాయి. కిందికి చూస్తే నిచ్చెన పట్టుకున్నది ఎదురింటాయనే. దివిటీ ఎప్పుడు పారేశాడో ఎవరూ చూడలేదు. ఈగల్ని బుట్టతో సహా తెచ్చి మళ్లీ పెట్టెలో దింపారు మావగారు. తరవాత సర్కారువాళ్లు పెట్టెలు పంచిన కాలంలో మా ఊళ్లో మొదటి పెట్టె అడిగిందీ ఆయనే. ఆ తరవాత ఎక్కడ పట్టు పడినా మావగారికి కబురొచ్చేది.

అత్తని ఒక్క మాట అనలేదు మావగారు. "మీ అత్త పూజకి లక్ష్మికి దగ్గొచ్చింది, అంతేనమ్మా" అన్నారు నాతో. ఆ మాట పదిమందికీ చెప్పి నవ్వించాను. అత్త నాతో కొన్నాళ్లు మాట్లాడలేదు.

మొన్న పెద్దకర్మ నాడు ఎవరో వసారాలో సాంబ్రాణి వేశారు. గాలి పెరటి వైపు ఉంది. ఆయన పోయినప్పటి నుంచి మూలన కూర్చుని, పెట్టింది తినకుండా ఉన్న అత్త దిగ్గున లేచింది.

"ఆ కుంపటి ఈదిలో పెట్టండి. పొగ అటెల్తన్నాది, ఆయన ఈగలు లేసిపోతాయి."

ఎవరూ కదలకపోతే తనే చెంగుతో పట్టుకెళ్లి వీధిలో పెట్టొచ్చింది. తరవాత చెంబుతో నీళ్లు తెచ్చి, చీమలెక్కకుండా పెట్టె కాళ్ల కింద మావగారు ఉంచిన మూకుళ్లలో ఒక్కొక్కదాన్లో పోసింది. ఈగలు ఆమె చేతి పక్క నుంచే నువ్వుల చేలకి పోతున్నాయి, వస్తున్నాయి.