తాబేలు పెట్టెలో తేమ

అరటి గెలలు మగ్గబెట్టడం మా ఇంటి విద్య. కొట్టులో గెలలు పేర్చి, పొగబెట్టి, పైన తడి గోనెలు కప్పి తలుపు మూశామంటే మళ్ళీ పండాకే తెరవడం. ఒకసారి మూస్తే చాలు, గెలల వేడి గెలలకే పుడుతుంది. మధ్యలో తొంగి చూసేవాణ్ణి మా నాన్న కొట్టినంత పని చేసేవాడు. రావులపాలెంలో ముప్పై ఏళ్ళు ఆ పని చేసిన నాకు వేడి గురించి, తేమ గురించి నా భార్య చెప్పబోతే, తాతకు దగ్గులు నేర్పినట్టుందని నవ్వాను.

ఆమె తాబేలును పెంచేది. మన నక్షత్ర తాబేలు కాదు, దాన్ని పెంచితే నేరం. ఇది కాగితాలున్న విదేశీ జాతి, కొబ్బరి చిప్పంత పిల్ల. గాజు పెట్టెలో ఒక మూల వేడి దీపం, రెండో మూల తడిపిన కొబ్బరి పొట్టు, పక్కన తేమా వేడీ చూపే చిన్న మీటరు. పొద్దున్నే కళ్ళు నులుముకుంటూ ముందు ఆ మీటరు దగ్గరికే వెళ్ళేది.

"నా ఒళ్ళు కాలిపోతున్నా ఇంత శ్రద్ధగా చూడవు కదా" అనేవాణ్ణి.

"మీకు నోరుందండి, దానికి లేదు" అనేది.

పోయిన పుష్యమాసంలో ఉన్నట్టుండి జబ్బు చేస్తే ఆమెను రాజమండ్రిలో ఆసుపత్రిలో చేర్చాం. తోడుగా మా అత్తగారు ఉన్నారు. నేను పొద్దున మార్కెట్టు చూసుకుని మధ్యాహ్నం బస్సెక్కేవాణ్ణి. రోజూ పొద్దున ఏడింటికల్లా ఆమె ఫోను.

"ఏమండీ, తేమ ఎంత ఉంది?"

"అరవై అయిదు."

నేను మీటరు మొహం చూస్తే కదా! లారీల మధ్య నిలబడి నోటికొచ్చిన అంకె చెప్పేవాణ్ణి. పెట్టె చుట్టూ తడి గోనెలు కప్పి, గాలి సందులు మూసేశాను. గోనెలకు నిప్పంటుకుంటుందేమోనని దీపం ప్లగ్గు కూడా పీకేశాను. లోపలి వేడి లోపలే పుడుతుందిలే అనుకున్నాను. రెండు రోజులకోసారి అంచు ఎత్తి ఆకు పడేసి, గోనెల మీద నీళ్ళు చల్లేవాణ్ణి.

పన్నెండో రోజున ఆమె పోయింది.

పెద్దకర్మ అయ్యాక గోనెలు తీశాను. తాబేలు ముక్కులోంచి నురగ వస్తోంది. ఊపిరి తీస్తే ఈల. పశువుల డాక్టరుగారు వచ్చి పెట్టెలో చెయ్యి పెట్టి చూశారు.

"తడి సరేనండి, వేడేదీ? దీని ఒంట్లో వేడి దానంతటది పుట్టదు. చలిలో తడి దీనికి విషం" అన్నారు.

నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఆమె ప్రాణంలా చూసుకున్న జీవం. ఇదీ పోతే ఆమెకు నేనేం చెప్పుకోవాలి? అంత భయం నాకు ఆసుపత్రిలో కూడా వేయలేదు. దీపం వెలిగించాను. మీటరు చూస్తే అంకెల్లేవు, బ్యాటరీ అయిపోయింది. కొత్తది వేశాను. నెల్లాళ్ళు సూదిమందులు, వేడి, కొలిచి చల్లిన నీళ్ళు. బతికింది.

కానీ ఏడయ్యేసరికి ఎక్కడున్నా జేబులో ఫోను మోగినట్టే ఉంటుంది. తీసి చూస్తే ఏమీ ఉండదు. ఇంట్లో ఉన్న రోజు మీటరు ముందు నిలబడి పైకే చదువుతాను. తడి కొబ్బరి పొట్టు వాసన వస్తుంటే ఆమె నా వెనకే ఉందనిపిస్తుంది. తిరిగి చూడను.

ఒకరోజు అలా "యాభై ఎనిమిది" అంటుండగా మా అత్తగారు విన్నారు.

"ఆ మీటరు, ఆసుపత్రికి వెళ్ళే ముందు రోజే ఆగిపోయిందండి అల్లుడుగారూ" అన్నారు. "కొత్త బ్యాటరీ వెయ్యమని చెబుదామనే అది మొదటి రోజు మీకు ఫోను చేసింది. అడిగీ అడగ్గానే మీరు అరవై అయిదన్నారు."

"మరి నాకు చెప్పలేదేంటండి?"

"నేనూ అదే అడిగాను. 'రేపు చూస్తారులే అమ్మా, చూశాక ఆయనే చెబుతారు' అంది. రోజూ అదే మాట."

పోయిన రోజు పొద్దున కూడా ఆమె ఫోను చేసింది. గొంతు సరిగ్గా పెగల్లేదు. అయినా అదే అడిగింది.

నేను అరవై రెండు అన్నాను. రోజూ ఒకే అంకె చెబితే నమ్మదేమోనని ఆ రోజు మార్చి చెప్పాను.