బుడగలు రాని మనిషి

విశాఖ వెళ్లే పొద్దుటి బండి జనగామలో ఆగదు. బస్సులో కాజీపేట వెళ్లి, అక్కడి క్యాంటీన్‌లో ఇడ్లీ తిని బండెక్కాను. సక్రు మహబూబాబాద్‌లో, వాళ్ల మాటలో మానుకోటలో, ఎక్కాడు. చేతిలో ఒకే సంచి. అందులో రెండు జతల బట్టలు, గుడ్డలో కట్టిన జొన్నరొట్టెలు.

సక్రుది మరిపెడ దగ్గరి తండా. వయసు ముప్పై దాటింది. చుట్టుపక్కల ఎవరు బావిలో పడ్డా, చెరువులో మునిగినా ముందు అతనికే ఫోన్ వస్తుంది. ఒకసారి భూపాలపల్లి దాకా తీసుకుపోయారు. పత్రికకు వార్తలు రాసిన ఇన్నేళ్లలో నేను అతన్ని ఎక్కువగా కలిసింది బావి గట్ల మీదే. పెద్దవంగర దగ్గర ఒక పొద్దున, తడి బట్టలతో కూర్చుని బీడీ వెలిగిస్తూ అన్నాడు: "నీళ్లల్ల సచ్చినోళ్లనే సూసిన అన్నా. బతికున్నయి ఎట్లుంటయో సూడలే."

ఆ మాట నన్ను వదల్లేదు. విశాఖలో స్కూబా నేర్పే అప్పలరాజు నాకు పాత పరిచయం. అతనికి ఫోన్ చేసి చెప్పాను. "తీసుకురండి. కోర్సు పాసైతే నా పడవ మీదే పని ఇస్తాను" అన్నాడు. ఆ పని కోసమే సక్రు వస్తున్నాడు. నేను సముద్రం అడుగు ఎలా ఉంటుందో ఒక్కసారైనా చూద్దామని.

డోర్నకల్‌లో ఎక్కిన ఒక అవ్వ మా ఎదురు సీట్లో కూర్చుంది.

"యాడికి బిడ్డా?"

"సముద్రంల మునుగుడు నేర్సుకుంటందుకు అవ్వా" అన్నాడు సక్రు.

"గోదాట్ల మునిగితే పుణ్యమన్న వస్తది. గా ఉప్పునీళ్లల్ల ఏమొస్తది?"

"నౌకరి వస్తదే అవ్వా."

అవ్వ పెద్దగా నవ్వింది. సక్రు రొట్టెల మూట విప్పి ఒకటి నాకు ఇవ్వబోయి ఆగాడు. "నా చేతిది తింటవా అన్నా?" అని అడిగాడు. తిన్నాను. అప్పుడు చెప్పాడు. శవాన్ని తీసిన రోజు తండా బయటే స్నానం చేసి ఇంటికి పోతాడు. అయినా ఆరేళ్ల కూతురు ఇందు అతని చేతి ముద్ద తినదు. ముందు ఆ ఒక్క రోజే తినేది కాదు. ఇప్పుడు ఏ రోజూ తినడం లేదు. "పడవ మీద పనైతే మంచిగుంటది. శాపల వాసనొస్తది గని, గా వాసన రాదు గద."

విజయవాడలో పులిహోర పొట్లాలు కొన్నాం. తుని దాటేసరికి పొద్దు వాలింది. విశాఖలో దిగి, రుషికొండ వైపు ఆటోలో వెళ్లి, సముద్రం కనిపించని ఒక లాడ్జిలో గది తీసుకున్నాం. చప్పుడు మాత్రం వినిపించింది.

మర్నాడు ఎనిమిదింటికి క్లాసు. నేర్చుకునేవాళ్లు నలుగురే. భీమవరం కుర్రాడొకడు సక్రు మాట విని, "మీరు మాట్లాడుతుంటే సినిమా చూస్తున్నట్టుందండీ" అన్నాడు.

"టికెట్టు తీసుకున్నవా మరి?" అన్నాడు సక్రు. ఆ తర్వాత ఇద్దరికీ బాగా కలిసింది.

అప్పలరాజు బోర్డు మీద రాసింది ఒక్కటే మాట: ఊపిరి ఆపకూడదు. బావిలో దూకేవాడు గట్టు మీద పీల్చిన గాలితోనే దిగి, దానితోనే పైకి వస్తాడు. ఊపిరి బిగపట్టినా నష్టం లేదు. సిలిండర్‌తో దిగినవాడు నీటి అడుగున, ఆ బరువు కింద గాలి పీలుస్తాడు. పైకి వచ్చేకొద్దీ ఆ గాలి ఉబ్బుతుంది. వదలకపోతే ఊపిరితిత్తి చిరుగుతుంది.

మధ్యాహ్నం ఈతకొలనులో దిగాం. అందరి నెత్తి మీదా బుడగలు లేస్తున్నాయి. సక్రు ఉన్నచోట నీళ్లు కదలడం లేదు. నోట్లో గొట్టం ఉండగానే అతను ఊపిరి బిగపట్టి అడుగున కూర్చున్నాడు. భీమవరం కుర్రాడు చప్పట్లు కొట్టాడు. అప్పలరాజు మాత్రం ఇనుప చువ్వతో సిలిండర్ మీద టంగుమని కొట్టి, అతన్ని పైకి తెచ్చాడు.

"ఊపిరి బిగపట్టీకు బాబూ! పీల్చు, వదులు. నీ బుడగలు నాకు కనబడాలి."

"చిన్నప్పుడు బాపు నడుముకు బెండు గట్టి బాయిల దోసిండు సార్. దమ్ము వదిల్తే కొట్టెటోడు."

"ఆయన కొట్టింది మర్చిపో. ఇప్పుడు నేను కొడతాను" అన్నాడు అప్పలరాజు, నవ్వకుండా.

రెండు రోజులు అదే పని. లాడ్జి మంచం మీద పడుకుని కూడా సక్రు పీల్చుడు, వదులుడు పైకి చదువుతూనే ఉన్నాడు. మూడో రోజుకు బుడగలు సరిగ్గా రావడం మొదలైంది. అప్పలరాజు తలూపాడు.

ఆ పొద్దున పడవ మీద రాతి దిబ్బల దగ్గరికి వెళ్లాం. నా చెయ్యి పట్టుకుని ఒక శిక్షకురాలు దింపింది. కింద రాళ్ల మీద మెత్తటి పగడాలు గాలికి ఊగే జొన్న కంకుల్లా ఊగుతున్నాయి. అరచేతంత పసుపుపచ్చ చేపలు, కంటి మీదుగా నల్లచార, జతజతలుగా తిరుగుతున్నాయి. సక్రు నాకు దగ్గర్లోనే ఉన్నాడు. అప్పలరాజు అతని ముఖానికున్న అద్దం మీద వేలితో పదేపదే ఎందుకు తడుతున్నాడో నాకు అర్థం కాలేదు.

పైకి వచ్చాక, పసుపు చేపల మాట ఎత్తి, "ఎట్లుంది?" అని అడిగాను.

"మంచిగుంది" అన్నాడు. అద్దం తీసి మొహం తుడుచుకున్నాడు.

తర్వాతి రోజు మునిగిన ఓడ. ఎప్పటిదో ఇనుప ఓడ, ఒక పక్కకు ఒరిగి ఇసుకలో సగం కూరుకుపోయి ఉంది. నీళ్లు మసకగా ఉన్నాయి. ఓడ పొట్టలో ఒక పెద్ద కంత. దాని అంచున చిరిగిన వలలో ఏదో గుడ్డ చిక్కుకుని, కెరటానికి చెయ్యి ఊపినట్టు ఊగుతోంది.

సక్రు బుడగలు ఆగిపోయాయి. ఎవరూ పట్టుకునేలోపే అతను అటు దూసుకుపోయి, రెండు చేతులతో ఆ గుడ్డను దొరకబుచ్చుకుని, కాళ్లు తన్ని నేరుగా పైకి లేచాడు. బావిలోంచి మనిషిని తెచ్చినట్టే. అప్పలరాజు అతని కాలు అందుకోబోయాడు. అందలేదు.

మేము నెమ్మదిగా పైకి వచ్చేసరికి సక్రును పడవలో పడుకోబెట్టి ఆక్సిజన్ పెట్టారు. పెదాల మీద ఎర్రటి నురగ. పక్కన వల, దానిలో పాచి పట్టిన గోనెపట్టా.

"మనిషే అనుకున్న అన్నా" అన్నాడు.

ఆసుపత్రిలో మూడు రోజులు ఉన్నాం. ఊపిరితిత్తి చిన్నగా చిరిగిందనీ, ప్రాణం దక్కడం అదృష్టమనీ, సిలిండర్‌తో మళ్లీ ఎప్పుడూ దిగకూడదనీ, కొన్ని నెలలు మామూలు నీళ్లలో కూడా మునగొద్దనీ డాక్టరు చెప్పాడు. అప్పలరాజు రోజూ వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. పని మాట ఎత్తలేదు. చివరి రోజు బత్తాయిలు తెచ్చి, "తప్పు నాదే. ఓడ దగ్గరికి నిన్ను తీసుకెళ్లకూడదు" అన్నాడు. సక్రు ఒక బత్తాయి ఒలిచి అతనికే పెట్టాడు.

తిరుగు ప్రయాణం పగటి బండిలోనే. వెళ్లాలనుకునేవాళ్లకు నేను చెప్పగలిగింది కొంచెమే: చలికాలంలో నీళ్లు తేటగా ఉంటాయి, నేర్పేవాళ్లు జాగ్రత్తగా నేర్పుతారు, అడుగున ఉన్న లోకం చూడదగ్గదే. కానీ దిగేటప్పుడు ఎవరి బావిని వాళ్లు వెంట తీసుకునే దిగుతారు.

ఖమ్మం దాటాక సక్రు కిటికీ వైపు నుంచి నా వైపు తిరిగాడు.

"అన్నా, గక్కడ పసుపు శాపలు ఉండెనన్నవు గద. ఎట్లుండె?"

"నువ్వు చూడలేదా?"

"ఆ దినం కండ్లు మూసుకున్న. బాయిల తెరిస్తే బురదనే గద, చేతుల్తోనే దేవులాడుతం. ఆ సారు అద్దం మీద కొడుతనే ఉండె. తెరిస్తే ఏం గనపడతదో అని భయమైంది. ఓడకాడ తెరిచిన, గదే గనపడ్డది." ఇంకాస్త దగ్గరికి జరిగాడు. "బిడ్డ అడుగుతది. జర చెప్పు."

చెప్పడం మొదలుపెట్టాను. అరచేతంత ఒళ్లు, కంటి మీద నల్లచార. అంతలో అతని ఫోన్ మోగింది. పాలకుర్తి వైపు నుంచి. సక్రు చాలాసేపు విన్నాడు.

"మోటరు బంద్ చేసిండ్రా? ... ఎంత వయసు? ... నేను దిగరాదు, డాక్టరు వద్దన్నడు." అవతల ఎవరో ఏడుస్తున్న చప్పుడు నాకూ వినిపించింది. సక్రు కళ్లు మూసుకున్నాడు. "సరే. మానుకోట టేషన్‌కు బండి తోలుండ్రి."

"సక్రూ, వద్దు" అన్నాను.

"గట్టు మీదనే ఉంట అన్నా. ఎట్ల దేవులాడాల్నో చెప్త" అన్నాడు. ఆ మాట నేను నమ్మలేదు. అతనూ నేను నమ్మాలని అన్నట్టు లేదు.

ఫోన్ జేబులో పెట్టుకుని మళ్లీ నా వైపు తిరిగాడు.

"నల్లచార అన్నవు. ఒక్కటే తిరుగుతదా, జతనా?"

"జతగానే" అన్నాను. మహబూబాబాద్ వచ్చేదాకా చెబుతూనే ఉన్నాను.