ఎర్రదారం కట్టిన డబ్బా

మా పాల సేకరణ కేంద్రంలో నమూనాల పట్టిక రాసే పని నాది. సహోద్యోగి సుజాత ప్రసవ సెలవు ముగించుకొని సోమవారం నుంచి పనికి వస్తోంది. ఉదయం తన చనుబాలు పిండి, చిన్న స్టీలు డబ్బాలో పోసి కేంద్రం ఫ్రిజ్‌లో పెడుతుంది. నమూనాలతో కలిసిపోకూడదని మూతకు ఎర్రదారం కట్టి, ఆ సంగతి అందరికీ ముందే చెప్పింది. మధ్యాహ్నం ఆమె అత్తగారు కంబదూరు బస్సులో వచ్చి, ఆ డబ్బాను నాలుగు నెలల బిడ్డ కోసం తీసుకుపోతారు.

ఈ రోజు సుజాత రైతుల దగ్గర పాలు కొలుస్తుండగా, మా సూపర్‌వైజరు ఆ డబ్బా తీసి, అందులోని పాలను వెన్న శాతం చూసే యంత్రానికి పెట్టాడు. వచ్చిన అంకెను గట్టిగా చదివాడు.

"ఫ్యాట్ బాగుండాదప్పా. రాసుకో, రేటు కడదాం."

నలుగురు నవ్వారు. ఇంతలో సుజాత వచ్చి, మూత తీసిన డబ్బాను చూసింది.

"తమాషాకు చేసినాంలేమ్మా" అన్నాడాయన.

"అవి నా బిడ్డ తాగాల్సిన పాలు సార్. మీరు చేయి పెట్టినాక వాటిని ఎట్ల పంపేది? మా అత్త గేటు కాడ నిలబడుండాది. ఆమెకు మీరే పోయి చెప్పండి."

ఆయన కదలలేదు. పాలు పారబోసి, ఖాళీ డబ్బా పట్టుకొని ఆమే వెళ్లి చెప్పింది.

నీళ్లు కలిపిన పాలు తెచ్చిన రైతును నలుగురిలో నిలదీసే చోటిది. అక్కడే జరిగిన ఈ పనిని తలచుకుంటే ఇప్పటికీ రోతగా ఉంది. నేను ఆ అంకె రాయలేదు, నవ్వలేదు. అయితే ఆయన దారం విప్పుతున్నప్పుడు ఆపనూ లేదు. నవ్వకపోవడమే మంచితనమనుకొని ఇంటికి వచ్చేసే నాలాంటి వాళ్లు మీ ఆఫీసుల్లోనూ ఉన్నారా?