పదిన్నరకు విడుపు

2024 మే 11, శనివారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలు. కురవి. మబ్బు లేదు, గాలి లేదు. మా వసారాలోని ఉష్ణమాపకం 38 డిగ్రీలు చూపుతోంది. ముప్పై ఒక్క ఏళ్లు మండల కార్యాలయంలో వర్షపాతం నమోదు చేసిన అలవాటు కొద్దీ ఇవన్నీ రాసుకున్నాను.

ముందురోజు సాయంత్రం పక్కింటివాళ్లకు నేనే చెప్పాను: సూర్యుడిపై పెద్ద విస్ఫోటాలు జరిగాయి, అక్కడినుంచి ఎగసిన ద్రవ్యం ఈ రాత్రి భూమిని తాకుతుంది, ఉపగ్రహాలకూ రేడియో సంకేతాలకూ ఇబ్బంది కలగవచ్చు అని. మనుషులకేమీ కాదన్న మాట చెప్పవలసినదిగా నాకు తోచలేదు.

ఆ ఇంటి కోడలికి ఎనిమిదో నెల. అత్త దీన్నీ గ్రహణంగానే ఎంచి, అన్నం పెట్టకుండా, రేకుల గదిలో కదలవద్దని పడుకోబెట్టింది. నాకు తెలిసి వాళ్ల గుమ్మం దగ్గరికి వెళ్లేసరికి పదిహేను గంటలు గడిచాయి.

“నీళ్లన్న ఇయ్యలేదా చెల్లె?”

“విడుపు కాకముందు ఎట్లిస్త అన్నా? పట్టు నువ్వే చెప్తివి. విడుపు ఎప్పుడో గది చెప్పకపోతివి.”

గ్రహణంలో నీడ పడుతుందని, ఇక్కడ నీడే లేదని, సూర్యుడినుంచి వచ్చే కణాలను భూమి అయస్కాంత క్షేత్రమూ గాలీ పైనే ఆపుతాయని వివరించాను. రాత్రి లడఖ్‌లో ఆకాశం ఎర్రబడింది, అంతే అన్నాను.

“ఆకాశమే ఎర్రగైతే కడుపుల పిల్ల ఎంత?”

లోపలినుంచి కోడలి గొంతు వినిపించింది: “మామా, పొద్దుగాల్నుంచి కదులుత లేదు.”

సౌర తుఫాను ఇంకా సాగుతోంది. అది ఏ గంటకు తగ్గుతుందో ఎవరూ చెప్పలేదు. తెలియని అంకెను నేను అంతవరకు పలికి ఎరుగను. గడియారం చూశాను.

“విడుపు పదిన్నరకే అయింది చెల్లె.”

“ముందుగాల చెప్పొద్దా! గింతసేపు గా ముచ్చట్లెందుకు?” అని నన్నే కసిరి, తలుపు తీసింది.

ఆశా కార్యకర్తకు ఫోను చేస్తే వెంటనే కలిసింది. “నీళ్లు తాపి, ఇంత తినవెట్టి, ఎడమపక్కకు పండవెట్టుండ్రి. ఆటో వాకిట్లనే ఉండాలె. రెండు గంటల్ల పదిసార్లు కదలకుంటే దవాఖానకు తీస్కరండ్రి” అంది.

పదకొండూ ఐదుకు గుమ్మం బయట పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. అత్త లోపల విసురుతోంది. పదిహేడు నిమిషాలు ఏమీ లేదు. విసనకర్ర చప్పుడు కూడా ఆగిపోయింది.

“గిదొకటి మామా!”

పదో గీత పన్నెండూ నలభైకి పడింది. అత్త ఆటో అతనికి మజ్జిగ ఇచ్చి పంపింది. నేను లేవలేదు, గడువు ఇంకా ఉంది. ఆ పదిన్నరను నా పుస్తకంలో ఎక్కించలేదు. ఎక్కించినది ఇది: ఒంటిగంట ఐదు నిమిషాల వరకు మొత్తం కదలికలు పద్నాలుగు.