నా కారులో స్వామివారి ఊపిరి

నా జీవితంలో చేసిన వెధవ పనులన్నీ తక్కెడలో ఒక పళ్ళెంలో, ఇప్పుడు చెప్పబోయేది ఇంకో పళ్ళెంలో వేస్తే, మొదటిది తేలిపోయి సీలింగ్‌కి గుద్దుకుంటుంది.

అమెరికాలో, వర్జీనియాలోని ఆష్‌బర్న్‌లో తాగి కారు నడుపుతూ దొరికిపోయాను. పోలీసుకి నేను దొరికాను సరే, నా కారు కింద ఎవరూ దొరకలేదు, అది అదృష్టం. జడ్జిగారు నా కారుకి ఒక మెషిన్ పెట్టించారు. దాని గొట్టంలో ఊదాలి. మందు తగిలితే ఇంజిన్ స్టార్ట్ కాదు. శివుడి ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు, నా ఊపిరి ఆజ్ఞ లేనిదే నా కారు కదలదు. ఆరు నెలలు తప్పు లేకుండా ఊదితే తీసేస్తారు. ఒక్కసారి ఫెయిలైతే లెక్క మళ్ళీ మొదటికి.

ఇంకో తొమ్మిది రోజులే ఉన్నాయనగా, బుద్ధిమంతుణ్ణి కదా, మా అపార్ట్‌మెంట్‌లోనే జరిగిన బర్త్‌డే పార్టీలో రెండు బీర్లు లాగించాను. తెల్లారి ఆఫీస్‌కి బయల్దేరి, గొట్టం చేతిలోకి తీసుకున్నాక ఆగిపోయాను. ఊదితే ఏమవుతుందో!

అప్పుడే ఎదురయ్యాడు మా రూమ్మేట్ నరేశ్. అయ్యప్ప మాలలో ఉన్నాడు. నల్ల పంచె, నల్ల హుడీ, నుదుటిన విభూతి, మంచులో చెప్పుల్లేని కాళ్ళు. మొత్తం వర్జీనియాలో అంతకన్నా పవిత్రమైన ఊపిరి ఇంకెక్కడ దొరుకుతుంది?

"స్వామీ, ఒక్కసారి ఇందులో ఊదండి!" మాల వేసినవాణ్ణి 'రేయ్' అనకూడదు మరి.

"మీ బదులు నేనా స్వామీ? తప్పు గాదా?"

"తప్పేంటి స్వామీ, సాయం! త్వరగా, నాకు మీటింగ్ ఉంది!"

నరేశ్ గొట్టం వైపు బల్లిని చూసినట్టు చూశాడు. "ఇది మీ ఎంగిలి గద. మాలల ఉండి నేనెట్ల నోట్ల పెట్టుకుంట?"

"అయితే శుభ్రం చేసుకోండి స్వామీ, నా ప్రాణం తీయకండి!" అని అరిచి ఫోన్‌లో తల దూర్చాను.

స్వామి నా కారులోని శానిటైజర్ తీసి, గొట్టాన్ని లోపలా బయటా మూడుసార్లు అభిషేకించి, కళ్ళు మూసుకుని, శరణం చెప్పి ఊదాడు. తానొకటి తలిస్తే శానిటైజర్ ఇంకొకటి తలచింది. శానిటైజర్ అంటేనే ఆల్కహాల్! మెషిన్ కీచుమని అరిచింది. ఫెయిల్.

"ఏమంటుంది స్వామీ?"

"మీరు తాగి ఉన్నారంట స్వామీ!"

"నేనా? స్వామీ... మీరు గాడిద స్వామీ!" కోపంలో కూడా మర్యాద తప్పలేదు మహానుభావుడు.

కాసేపాగి, డాష్‌బోర్డులో స్పేర్ గొట్టం ఉందని అప్పుడు గుర్తొచ్చి, అది తగిలించి నేనే ఊదాను. పాస్! రాత్రి తాగింది ఎప్పుడో దిగిపోయిందన్నమాట. ఎవరి ఊపిరీ అక్కర్లేకపోయింది.

శానిటైజర్ మీదకి నెట్టేసి తప్పించుకుందామని ఆ మెషిన్ పెట్టిన సర్వీస్ సెంటర్‌కి వెళ్ళాను. టెక్నీషియన్ స్క్రీన్ నా వైపు తిప్పాడు. కళ్ళు మూసుకుని గొట్టం ఊదుతున్న నరేశ్! ఊదేవాడి ఫొటో తీసే కెమెరా ఉందట! మొదటిరోజే చెప్పాడట. అప్పుడు నేను ఫోన్‌లో ఎవడితోనో గొడవ పడుతున్నానట.

"ఎవరితను?"

"మా రూమ్మేట్. దీక్షలో ఉన్నాడు. చుక్క కూడా ముట్టడు."

"మెషిన్ అలా అనట్లేదే!"

ఆరు నెలలు మళ్ళీ ఒకటో రోజు నుంచి. ఇంటికొస్తే నరేశ్ ఓదార్చాడు. "బాధపడకుండ్రి స్వామీ. నాది నలభై ఒక్క రోజుల దీక్ష, మీది ఆరు నెలలు. నాకు మాల, మీకు గొట్టం. గంతే."

కాబట్టి, చదివేవాళ్ళందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. తాగి స్టీరింగ్ ముట్టను. పక్కవాడి పుణ్యంతో కారు నడపను. నమ్మకం లేదా? రోజూ ఊదుతూనే ఉన్నాను, ఫొటోతో సహా.