లిఫ్టు అర్రలో అవ్వ

మా ఆఫీసు లిఫ్టు తలుపులు తెరుచుకున్నప్పుడల్లా లోపలి నుంచి ఒక వాసన వస్తుంది. గ్రీజు, కొత్త రబ్బరు, పొద్దున్నే తుడిచిన ఫినాయిలు, ఎవరో దండిగా కొట్టుకొచ్చిన సెంటు, అన్నీ మూతపెట్టిన గిన్నెలో మగ్గినట్టు ఉంటాయి. అది ముక్కుకు తగలగానే నాకు ఒళ్లు మండుతుంది. నేను మెట్లెక్కి పోతాను. వెనక నుంచి మా టీములోని పిల్లలు "మేడం డైటింగా?" అని నవ్వుతారు. నవ్వనీ. ఆ పెట్టె నలుగురిని మీదికీ కిందికీ మోస్తుందని వాళ్లకు తెలుసు. మోయకుండానే ఒక ఇంటిని రెండుగా చీలుస్తుందని నాకు తెలుసు. మా ఊరు మొయినాబాద్ దాటి చేవెళ్ల వెళ్లే రోడ్డుకు కొంచెం లోపలికి ఉంటుంది, నేను ఇప్పటికీ అక్కడి నుంచే రోజూ వచ్చి పోతుంటాను.

నాకు ఊహ తెలిసేనాటికి మాది పెంకుటిల్లు. ముందర వాకిలి, వాకిట్లో ఎప్పుడూ తడి గోనెసంచుల కింద బంతిపూలు, వానాకాలమైతే గంపల్లో టమాటాలు, చలికాలమైతే మట్టి వదలని క్యారెట్లు. తెల్లారకముందే పెద్దబాపు, అంటే మా నాన్న అన్న, ఆ గంపలను మెహదీపట్నం బస్సు మీదికి ఎక్కించేవాడు, కింద నుంచి బాపు అందించేవాడు. ఇద్దరూ మాట్లాడుకోకుండానే ఒకరి చెయ్యి ఒకరికి తెలిసినట్టు పనిచేసేవాళ్లు. తొలకరికి చింతచిగురు, శ్రావణంలో నిప్పుల మీద కాల్చిన మక్కకంకులు, ఆ తర్వాత గుట్ట మీది సీతాఫలాలు, చలి ముదిరేసరికి ఉప్పేసి ఉడకబెట్టిన అనపకాయలు, వాటి పక్కన వేడి జొన్నరొట్టె. పెద్దబాపు బిడ్డ మేరి, నేనూ ఒకే ఈడు వాళ్లం, ఒకే పళ్లెంలో తినేవాళ్లం, చిర్రగోనె, అదే బిళ్లంగోడు, ఆడుతూ ఒకరి తల ఒకరం పగలగొట్టుకునేవాళ్లం. క్రిస్మస్‌కు పెద్దబాపు వెదురు బద్దలతో నక్షత్రం కట్టేవాడు, బాపు దానిలో బల్బు పెట్టేవాడు, అమ్మా పెద్దమ్మా కజ్జికాయల్లాంటి గరిజెలు ఒత్తుతూ ఒకరి పనికి ఒకరు వంకలు పెట్టుకునేవాళ్లు.

ఆ ఇంటికి అవ్వ యజమాని. బాపుకూ పెద్దబాపుకూ తల్లి, మాకు నానమ్మ, అయినా అందరం అవ్వ అనే పిలిచేవాళ్లం. చదువు రాదు. కీర్తనలు మాత్రం నోటికి వచ్చు, బైబిలు మల్లుగుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకుని చర్చిలో ముందు వరుసలో కూర్చునేది. నోరు మాత్రం మంచిది కాదు. ఆదివారం ఇంటికొస్తూ దారి పొడుగునా "ఇయ్యాల అయ్యగారి వాక్యంల ఉప్పు తక్కువైంది" అనేది, వెనక నడిచే పాస్టరుగారికి వినబడేటట్టే. అవ్వకు ఏడాది మొత్తంలో అన్నిటికంటే పెద్ద పండుగ నవంబరులో వికారాబాద్ దిక్కు జరిగే క్రైస్తవుల జాతర. ఎడ్లబండి మీద గడ్డి పరిచి, బియ్యం, కారం, గొంగళ్లు వేసుకుని వెళ్లి, చెట్ల కింద గుడారం వేసుకుని, పగలంతా పాటలు, పొద్దుగూకితే మాంసం కూర, పొగ, మంచు. అవ్వ పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఒక్క జాతర తప్పలేదట. మా తాత పోయిన ఏడు కూడా కన్నీళ్లు తుడుచుకుంటూనే బండెక్కిందని చెప్పేవాళ్లు.

తర్వాత సాఫ్ట్‌వేర్ అనే మాట వచ్చింది. హైటెక్ సిటీ ఎక్కడో ఉంటే దాని గాలి మా చెలకల దాకా వచ్చింది. ఒక పక్క ఇంజినీరింగ్ కాలేజీలు, ఒక పక్క ఫార్మ్‌హౌజులు, తెల్ల చొక్కాల బ్రోకర్లు రోజూ హోటల్ దగ్గర చాయ్ తాగుతూ ఎవరి పొలం ఎంతకు పోయిందో మాట్లాడేవాళ్లు. మావాళ్లూ సగం అమ్మారు. పెంకుటిల్లు పీకేసి స్లాబు ఇల్లు కట్టారు. కింద పెద్దబాపు, మీద మేము. చిన్న కొడుకు దగ్గరే తల్లి ఉండడం మా దగ్గర రివాజు కనుక అవ్వ మాతో పాటు మీదికి ఎక్కింది. "కోళ్లు గూడ గింత ఎత్తుల పండుకోవు" అని మొదటి రోజే అన్నది.

ఇంకొక రివాజు కూడా చెప్పాలి, అసలు మంటంతా దానిదే. పొలం పంచుకునేటప్పుడు తల్లి పేరున ఒక ముక్క విడిగా ఉంచుతారు, ఆమెను చివరిదాకా సాకిన కొడుక్కు అది దక్కుతుంది. అవ్వకు వచ్చింది గుట్ట కింది చెలక, రాళ్లు తప్ప ఏమీ పండని నేల. పంచుకున్ననాడు అది నాకొద్దంటే నాకొద్దని అన్నదమ్ములు ఇద్దరూ నవ్వుకున్నారు. దాని పక్క నుంచే వెంచరుకు రోడ్డు పడింది. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

అప్పుడే అవ్వ పడింది. కొత్త బాత్రూములో నున్నటి టైల్స్ వేయించారు గదా, గొప్పకు, తడికాలు జారి తుంటి విరిగింది. దవాఖాన నుంచి వచ్చాక నాలుగడుగులు గోడ పట్టుకుని నడవగలిగేది గానీ మెట్లు దిగలేకపోయేది. అయితే ఏమైంది, అప్పటికి ఇంకా మనుషులు మనుషుల్లానే ఉన్నారు. ప్రతి ఆదివారం చేతుల కుర్చీలో అవ్వను కూర్చోబెట్టి వెనక పెద్దబాపు, ముందర బాపు పట్టుకుని దింపేవాళ్లు. పూలగంపలు మోసినట్టే, మాటల్లేకుండా. "మెల్లగ కొడుకా, నేనేమన్న జొన్నల బస్తనా?" అని అవ్వ అరిచేది. "బస్తయితె నోరుండదు గదనే అవ్వా" అనేవాడు పెద్దబాపు. ఆ కుర్చీ మీద కూర్చుని దిగేటప్పుడు అవ్వ ముఖం చూడాలి, ఊరేగింపులో ఉన్నట్టే ఉండేది.

బాపు కాలేజీ బస్సు నడిపేవాడు. ఒకనాడు ఎవరినో దింపడానికి ఒక ఫార్మ్‌హౌజుకు వెళ్లి, అక్కడ ఇంట్లోనే చిన్న లిఫ్టు చూసి వచ్చాడు. ఆ పూట మా ఇంట్లో అందరికీ సంబరమే. మర్నాడు మేస్త్రి వచ్చి కొలతలు తీసి, మెట్ల పక్కన పెద్దబాపు ఇంటి ముందరి పంచలో ఒక మూల కాలుపెట్టి, "జాగ అంటే ఇదొక్కటే" అన్నాడు. అంతే.

"నా పంచల పొక్క తవ్వుతవా? నన్నడిగినవా?" అని పెద్దబాపు లేచాడు.

"అవ్వ కోసమే గదా అన్నా."

"అవ్వ కోసమే అయితె, అవ్వను తెచ్చి నా ఇంట్ల పండవెట్టు. ఇగ లిఫ్టెందుకు?"

ఆ మాటకు ఉన్న ఒక్క జవాబూ బయటికి అనేది కాదు. అయినా బాపు అననే అన్నాడు. "గుట్ట చెల్కకు రేటు రాంగనె నీకు అవ్వ యాదికొచ్చిందా?"

"నీకు లిఫ్టు గూడ గా రేటు జూసినంకనే యాదికొచ్చింది గదరా."

ఇద్దరూ చెప్పింది నిజమే, దొందూ దొందే. మీద కిటికీ ఊచలు పట్టుకుని అవ్వ అంతా విన్నది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

ఆ ఆదివారం అవ్వ తెల్లచీర కట్టుకుని, బైబిలు ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నది. బాపు ముందర పట్టుకుని నిలబడ్డాడు. వెనక పట్టుకునే మనిషి బండి స్టార్టు చేసుకుని ఒక్కడే చర్చికి పోయాడు. గంట కొట్టడం అయిపోయింది, పాటలు మొదలైనట్టు గాలికి వినబడుతున్నది, అవ్వ కుర్చీలోంచి లేవలేదు. మరుసటి వారం చర్చి యువకులు నలుగురు వచ్చి మేం దింపుతామన్నారు. పెద్దబాపు మెట్లకు అడ్డంగా నిలబడి, "మా అవ్వను మొయ్యనీకి మేం సచ్చినమారా?" అని వాళ్లను వెళ్లగొట్టాడు. చచ్చినవాళ్లే నయం, దారికి అడ్డం రారు. బాపు కూడా మీద నిలబడి చూశాడే తప్ప, వెళ్లిపోతున్న వాళ్లను ఆపడానికి నాలుగు మెట్లు దిగి రాలేదు. పరువట.

ఇక మాటలు మేం పిల్లలం మోశాం. ఆవులావులు పోట్లాడితే లేగల కాళ్లు విరిగినట్టు, రోజుకు ఎన్నిసార్లు ఎక్కి దిగామో. "మీ బాపును కిందికొచ్చి అడుగుమను" అని పెద్దబాపు. "మీ పెద్దబాపును మీదికొచ్చి జెప్పుమను" అని బాపు. మేరీ నేనూ తెలివైనవాళ్లం, సగం మెట్ల దగ్గర కలుసుకుని మాటలు మార్చుకుని వెనక్కి పోయేవాళ్లం, కాళ్లు నొప్పి పుట్టకుండా. అది చూసి పెద్దమ్మ మేరిని మెట్ల మీదే కొట్టింది, అమ్మ మీద నుంచి చూసి నవ్వింది. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, ఆ నవ్వును పెద్దమ్మ ఇప్పటికీ మర్చిపోలేదు. ఆ మరునాటి నుంచి మేరి నాతో ఆడలేదు.

పాస్టరుగారూ సంఘపెద్దలూ వచ్చి కూర్చుని చాయ్‌లు తాగి, పంచలో కాదు, పక్క సందులో, ఇద్దరికీ చెందిన జాగాలో కట్టుకోమని తీర్పు చెప్పారు. మోకాలు లోతు గుంత తీశారు, మూడు దిక్కుల గోడలు మనిషి ఎత్తు లేచాయి. ఇంతలో ఒక బ్రోకరు గుట్ట చెలక గురించి పెద్దబాపును కాదని బాపును అడిగాడు. ఆ కబురు చెవిన పడగానే పెద్దబాపు నులకమంచం తెచ్చి గుంతలో వేసుకుని పడుకున్నాడు. "కట్టుండ్రి, నన్ను గూడ కలిపి కట్టుండ్రి" అన్నాడు. మేస్త్రి తాపీ కడుక్కుని వెళ్లిపోయాడు.

నవంబరు వచ్చింది. ఎడ్లబండ్ల కాలం అప్పటికే పోయింది, జాతరకు సంఘమంతా ట్రాక్టరు మాట్లాడుకున్నారు. ట్రాక్టరు మా వాకిట్లో ఆగి, ఎక్కేవాళ్లు ఎక్కుతుంటే, మెట్ల మీద అవ్వ గొంతు వినిపించింది. చూస్తే మీది మెట్టు మీద చతికిలబడి ఉన్నది. చీర మోకాళ్ల కిందికి లాక్కుని, రెండు చేతులూ ఆనించి, కూర్చున్న పళంగా ఒక్కో మెట్టు జారుతున్నది. విరిగిన తుంటి మెట్టుకు తగిలినప్పుడల్లా "యేసయ్యా" అంటున్నది, మరుక్షణం కొడుకులను తిడుతున్నది. బాపు వెనక నుంచి ఉరికాడు, పెద్దబాపు ముందు నుంచి ఉరికాడు.

"చెయ్యి వెడితె నరుకుత, ఇద్దరినీ! మీకు నేను గావాల్నా, గుట్ట గావాల్నా? నా కాలు ఇరిగితె ఇరుగుతది. మీ అసుంటోళ్లను గన్న కడుపే ఇరగకుండ ఉన్నది."

ట్రాక్టరు నిండా జనం. అవ్వ నేలకు దిగి, గోడ పట్టుకుని లేచి, చీర దులుపుకుని, చర్చి పిల్లలకు చెయ్యి అందించింది. నాకు ఆనాడు బాపు మీద పుట్టిన కోపం ఇంకా చల్లారలేదు.

జాతర నుంచి వచ్చాక అవ్వ మీదికి రాలేదు. పెద్దబాపు సంబరంగా తలుపులు బార్లా తెరిచి నిలబడ్డాడు, అక్కడికీ పోలేదు. సందులోకి తిరిగి, మూడు గోడల లిఫ్టు అర్రను పైనుంచి కిందిదాకా చూసి, "ఇది ఎవలిది?" అని అడిగింది. ఎవరూ నాదని అనలేకపోయారు. "ఎవలిదీ కాకుంటె నాదే" అన్నది. చర్చి పిల్లలే గుంతలో మొరం పోసి చదును చేశారు, మీద రేకులు కప్పారు. ఒక మంచం, ఒక కిరసనాయిలు స్టవ్వు, మేకుకు బైబిలు మూట. అమ్మ ఒక పళ్లెం, పెద్దమ్మ ఒక పళ్లెం పోటీపడి తెచ్చిపెట్టేవాళ్లు. అవ్వ రెండూ కుక్కలకు వేసి, తన రొట్టె తాను కాల్చుకునేది. మేరీ నేనూ మాత్రం దొంగతనంగా ఆ రొట్టె తిన్నాం, చెరో మూలా కూర్చుని, మాట్లాడుకోకుండా. అవ్వ మా ఇద్దరి ముఖాలూ చూసి, "నా మన్మరాండ్లు గూడ పంచుకున్నరు" అన్నది.

కోతల పండుగకు అందరూ చర్చిలో గుమ్మడికాయలు, జొన్నకంకులు, కోళ్లు అర్పించారు. అవ్వ ఆటోలో వచ్చి, కొంగు విప్పి ఒక రాయి తీసి బల్ల మీద పెట్టింది. "గుట్ట చెల్కల పండింది ఇదే. మనోళ్లను బొందవెట్టనీకి జాగ లేదు గదా, ఆ చెల్క సంఘానికే ఇచ్చిన" అన్నది. "నన్నెవలూ సాకలేదు, నన్ను నేనే సాకుకున్న." అన్నదమ్ములు ఎన్నో నెలల తర్వాత ఒకే మాట అన్నారు, అవ్వకు మతి తప్పిందని. బతికినన్నాళ్లూ అవ్వ ఆ అర్రలోనే ఉన్నది, అక్కడే పోయింది, ఆ చెలకలోనే పడుకున్నది.

ఇప్పుడు ఆ సమాధుల చుట్టూ విల్లాలు. బాల్కనీలోంచి సిలువలు కనబడుతున్నాయి, గోడ ఎత్తు పెంచండని వాళ్లు సంఘానికి చెబుతున్నారట. బంతిపూల గంపలు లేవు, అనపకాయలు లేవు, గడ్డి పరిచిన బండి లేదు. జాతరకు ఎవరి కారులో వాళ్లు పోయి ఎవరి కారులో వాళ్లు వస్తున్నారు. మేరి శంకర్‌పల్లిలో కాపురముంటుంది, ఎదురుపడితే బాగున్నావా అంటుంది, అంతే.

పోయిన వానాకాలం బాపుకు పక్షవాతం వచ్చింది. ఎడమకాలు పడిపోయింది. మీద కిటికీ ఊచలు పట్టుకుని రోడ్డు చూస్తుంటాడు, అవ్వ నిలబడిన చోటే. ఆదివారం గంట కొడితే ముఖం అటు తిప్పుకుంటాడు. చూడలేక, లిఫ్టును అసహ్యించుకుంటూనే, దాన్ని బిగించే మనిషిని పిలిపించాను. అతను సందులోని మూడు గోడలు కొలిచి, "జాగ రెడీమేడ్ ఉన్నది మేడం, కిందోళ్లు ఒప్పుకుంటే చాలు" అన్నాడు.

దిగి వెళ్లాను. పెద్దబాపు మోకాళ్లు అరిగిపోయాయి, కర్ర లేకుండా గడప దాటలేడు. పంచలో కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాడు. నేను చెప్పిందంతా విన్నాడు. తల ఎత్తలేదు.

"మీ బాపును కిందికొచ్చి అడుగుమను" అన్నాడు.

మెట్లెక్కాను. సగం మెట్ల దగ్గర కాళ్లు వాటంతట అవే ఆగాయి, కానీ అక్కడ మాట అందుకోవడానికి ఎవరూ లేరు. మీద బాపు "ఏమన్నడు?" అని అడిగాడు. చెప్పాను. బాపు పడిపోయిన కాలును రెండు చేతులతో ఎత్తి సరిగ్గా పెట్టుకున్నాడు.

"ఆయిననే మీదికొచ్చి జెప్పుమను."